చల్లారిన ఇంజను పక్కన

ఒట్టు తాతా, మా అమ్మ మీద ఒట్టు, ఇప్పుడు నేను చెప్పేది నువ్వు చచ్చినా నమ్మవు. ఎట్టా నమ్ముతావులే, నీకు చెవుల్లేవంటగా!

మంగలి లోకోసు చెప్పాడు పొద్దున, కత్తి నా గొంతు మీద పెట్టి మరీ. "పాముకి చెవులుండవు అగోసూ. ఇన్నాళ్ళూ నీ గొప్పలు విన్నది నీ గోడే" అన్నాడు.

అదిగో, తల అటు తిప్పుకుంటావేం? ఊరంతా తాతా అని మొక్కే కొండచిలువైతే మాత్రం సిగ్గుండదా? ఇటు చూడు.

ఎవర్ననుకున్నావు నన్ను? ఈ ఉయిదా ఊళ్ళో కాళ్ళు ముందు పెట్టి పుట్టినోణ్ణి! అందుకేగా అగోసు అని పేరెట్టారు. మా అమ్మ కడుపులోంచి నడుచుకుంటా వస్తే, మంత్రసాని కూర్చో నాయనా అని పీట వేసిందంట. అట్టాంటోణ్ణి నువ్వు మోసం చేశావు.

నిన్ను మెళ్ళో వేసుకుని కొటొనూ పట్నం దాకా బాడుగ మోటారు సైకిలు తోలితే, ఎర్ర దీపం మనల్ని చూసి పచ్చబడిందా లేదా? ఆ సైనికుడు తుపాకీ కింద పడేసి సలాం కొట్టాడా లేదా? సరే, సైనికుడు కాదు, గోడౌను కాపలావాడు. కొట్టాడుగా!

ఒకనాడు నువ్వు నాకు కన్ను కొట్టావని కూడా వీధంతా చెప్పా. "రెప్పల్లేనోడు కన్నెట్టా కొడతాడ్రా?" అంటాడు లోకోసు. మరి కొట్టిందెవరు, వాళ్ళ బాబా?

వానల్లో నువ్వు తిండి మానేశావు చూడు, అప్పుడు నేను పడ్డ బాధ పగోడికొద్దు. పొలాలెంబడి పడి బలిసిన ఎలకల్ని పట్టుకొచ్చి, తాతా తిను, ఒక్క ముద్ద తిను అని బతిమాలా. మొహం తిప్పుకున్నావు. నా అఫియావి పోయిందని బెంగెట్టుకున్నావనుకున్నా, తాతా! పెళ్ళాం పోయిన నేను తింటున్నానే, ఈయన మానేశాడే అని సిగ్గుపడి, నేనూ రెండు పూటలు మానేశా.

మరి పొద్దున నేను చూసిందేంటి?

గడ్డానికని వెళ్ళా. లోకోసు కుర్చీ కింద, కత్తిరించిన జుట్టు కుప్పలో, మెత్తగా, ఎవరో పడుకున్నారు. పొట్ట చూస్తే మామిడికాయ మింగినట్టుంది. తోక మీద మచ్చ చూశా. నువ్వే!

"ఈయనా? మా తాత. రోజూ పొద్దెక్కాక ఇక్కడే. ఎలకల మందు కొనుక్కునే పని తప్పించాడు" అన్నాడు వాడు. ఎదురుగా బీన్సు వడలు వేసే సెనామి గరిటె ఊపుకుంటా లేచింది. "మీ తాతేంటయ్యా మంగలీ? పొద్దున్నే నా పొయ్యి పక్కన కూర్చునేది ఎవరనుకున్నావ్? ఈయన మా తాత!"

వీధంతా పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వా. ఏం చెయ్యను? సగం గడ్డంతో ఏడిస్తే బాగుంటదా?

అక్కడితో ఆగాడా ఆ మంగలి! "సాయంత్రాలు నీ దగ్గరికొస్తాడా? నీకోసం కాదురా. నువ్వు రోజంతా తోలి తెస్తావే బండి, ఆ ఇంజను వెచ్చగా ఉంటది. దానికోసం."

తాతా, ఆ మాట... ఆ మాట నాకు కత్తి కన్నా లోతుగా దిగింది.

ఎందుకంటే నిజమే. నువ్వొచ్చి బండి కింద చుట్ట చుట్టుకుంటే, నాకోసం ఎదురు చూస్తున్నావనుకునేవాణ్ణి. అఫియావి పోయాక ఆ గుమ్మంలో నాకోసం ఎదురు చూసేవాళ్ళెవరు చెప్పు?

అందుకే ఈ బుట్ట కొన్నా. మూత ఉన్న బుట్ట. అవును, మన ఊళ్ళో తాతల మీద మూత పెట్టరు, తెలుసు. పెట్టినోడి మొహాన ఊరు ఊస్తది. ఊయనీ! పక్కనున్న పహూ ఊళ్ళో కర్రపెండలం తవ్వుతుంటే కుర్ర తాత ఒకాయన దొరికాడంట, కుండలో పెట్టి ఉంచారు. సాయంత్రంలోగా వచ్చి తీసుకుపో అగోసూ అని కబురు పెట్టారు. మూత పెడితే ఆయన మంగలి కొట్టుకి పోడు. వడల పొయ్యికీ పోడు. నావాడే.

ఏం, నాలిక ఆడిస్తావే?

సరే, విను. మంగలి కొట్లోంచి నిన్ను మోసుకొచ్చింది కూడా నడిచే, ఇవాళ పొద్దుట్నించీ బండి తియ్యలా. చెయ్యి పెట్టి చూడు... చెయ్యి లేదుగా నీకు, పొట్ట పెట్టి చూడు. ఇంజను రాయిలాగుంది. పహూకి ఇంకొకడి బండి మీద, వెనక్కూర్చుని పోతా. నేను! అగోసు! వెనక సీటు మీద! దారంతా జనం నవ్వుతారు.

తలుపు తీసే ఉంచుతున్నా. లోకోసు కుర్చీ అటు, సెనామి పొయ్యి ఇటు. నేనొచ్చేసరికి నువ్విక్కడ, ఈ చల్లటి ఇనుము పక్కన ఉంటే, కుర్రాయన్ని పొలంలోకే వదిలేసొస్తా, ఈ బుట్టతో పొయ్యి వెలిగిస్తా.

ఉండవు. నేను చెప్తున్నా, ఉండవు.

కాదంటావా? ఏదీ, ఉండి చూపించు!