గీకినాంకనే తారు

లెయ్యను సార్. రోలరు తెచ్చుకుంటావో, పోలీసోళ్ళనే తెచ్చుకుంటావో, తెచ్చుకోపో. ఈ కుర్చీ ఈడ్నే ఉంటాది. నేనూ ఈడ్నే ఉంటా.

యాల నవ్వుతావు? ముసిల్ది రోడ్డుకు అడ్డం కూసుంటే తమాషాగా ఉండాదా? రామక్క అంటే ఎవురో ఈ మదనపల్లిలో యా తారు మేస్త్రీనైనా అడుగు. పుంగనూరు రోడ్డనీ, కుప్పం రోడ్డనీ, ఇరవైరెండేండ్లు కాలే కంకర బాండ్లికెత్తుకోని మోసిన తల ఇది. నువ్వు ఇంజినీరు సదివినావు సాయిప్రసాద్ సారూ. నేను మోసినా.

సందు మొగదల బోర్డు పెట్టినారు గదా. మా మనవరాలు అనిత సదివి సెప్పింది. "పాత తారు గీకి, దాన్నే మళ్ళా కలిపి వేసే పర్యావరణ రోడ్డు" అంట. శానా బాగుండాది! కొత్త కంకరకని కొండలు పగలగొట్టే పని తగ్గతాది, తారు తక్కవ పడతాది, రోడ్డు ఎత్తు పెరగదు. మంచి పనే అప్పా, నేను కాదన్లేదు. బస్టాండు రోడ్డు గీకినావు. ఆఫీసుల ముందర గీకినావు. మరి మా సందుకొచ్చేసరికి పాతదాని మీదనే పరిసేస్తావా? సెప్పేవి శ్రీరంగనీతులు... మిగతాది నా నోట్నుంచి యాలలే.

ఏందీ? గీకే మిషను సందులో పట్టదా? టమోటా లారీ పడతాది, నీ మిషను పట్టదా? పొద్దున్నే నా కొంగుతో కొలిచినా. పట్టకపోతే గడ్డపారలు తెప్పించు. నలుగురు కూలోళ్ళు రెండ్రోజుల్లో లేపేస్తారు.

వానలు పడకముందే పని అయిపోవాలంటావా? ఆ వానకోసరమే గదప్పా నేనీడ కూసునుండేది!

అట్ల సూడు. ఆ నీలం తలుపిల్లు. యేసమ్మది. మిషనాసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. ఒంటి మనిషి. నేను ఈ సందుకొచ్చిన కొత్తల్లో రెండు మెట్లెక్కి పోతాంటిమి ఆ ఇంట్లోకి. ఐదు దఫాలు కంకరమీద కంకర, తారుమీద తారు. ఇప్పుడు మెట్టు దిగి పోవాల. ఇల్లేమన్నా కుంగిందా? రోడ్డే లేసింది.

పోయినేడు తుపాను వానకు నీళ్ళన్నీ ఆ ఇంట్లోకే. మంచంమీద కుర్చీ ఏసుకోని, కుర్చీమీద కూసునుండింది, పొద్దుగూకేదాకా. మోకాళ్ళ నొప్పుల మనిషి. ఎవుర్నీ పిలవలేదు. నువ్వింకో పొర ఏసినావంటే నీళ్ళు కిటికీకి తగల్తాయి. ఆమె దాంట్లోనే సచ్చిపోతాది సార్, సెప్తాండా.

మా ఇంట్లోకి రాలేదు గదా, నాకేం నష్టమంటావా?

రాలేదు. సుక్క రాలేదు. యాల రాలేదో అడగవే? ఇంజినీరువి గదా, నువ్వే సూసి సెప్పు. నా వాకిలి ముందర రోడ్డు ఉబ్బుగా ఉండాది. ఆ నీలం తలుపు పక్కకు వాలుండాది. అదెట్లొచ్చింది?

సరే, నేనే సెప్తా. రాసుకుంటే రాసుకో.

పోయిన దఫా ఏసింది మునెప్ప మేస్త్రీ. పెద్దమండ్యమోడు, ఒకప్పుడు నాతో పన్జేసినోడు. పిలిచి కడుపునిండా సంగటీ ఊర్బిండీ పెట్టినా. "మునెప్పా, నా వాకిలి కాడ రెండు బాండ్లీల కంకర ఎక్కవెయ్యప్పా, నీళ్ళు అట్లపక్కకు పోనీ" అన్యా. అట్లపక్క అంటే యాడికి? నాకు తెలీదనుకున్యావా? ఇరవైరెండేండ్లు వాలు సూసిన కండ్లు ఇవి. తెలిసే అన్యా.

వాన తగ్గినాంక యేసమ్మ బక్కెట్తో నీళ్ళు తోడిపోస్తా అడిగింది, "రామక్కా, ఎప్పుడూ లేంది ఇన్ని నీళ్ళు యాడ్నుంచొచ్చినాయమ్మా" అని. "దేవుడు కురిపించినాడు, మనమేం జేస్తాం" అన్యా. ఆమె నమ్మిన దేవుడిమీదికే తోసేసినా! నా కాన్పప్పుడు బిడ్డను తన చేతుల్తో బయటికి తీసిన మనిషి సార్ ఆమె. "నిజమేలే" అనింది. నాకు టీ పెట్టిచ్చింది. తాగినా. సిగ్గులేకుండా గ్లాసు కడిగిచ్చి వచ్చినా.

అందుకే, గీకు. ముందర నా వాకిలి కాడ్నే మొదలుపెట్టు. నీళ్ళు నా ఇంట్లోకొస్తే రానీ, నేను తోడుకుంటా.

అదో... తలుపు తీసింది. ఎంతసేపట్నుంచి నిలబడుకోనుండాదో ఏమో. అంతా యినేసుంటాది.

యిననీలే. ఆ మాట ఆమె మొగం సూసి సెప్పలేకనే గదా సార్, వచ్చి నీ రోలరుకు అడ్డం కూసున్యా.