తొడిమల గది

అధ్యక్షత వహించిన జిల్లా వైద్యాధికారి గారికి, వేదిక మీది పెద్దలకు, కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడిన మిత్రులకు, ఈ సాయంత్రంతో పదవీ విరమణ చేస్తున్న మా హెడ్ నర్సు సంతోషకుమారి గారికి, ఈ ఆసుపత్రి హెడ్ క్లర్కు నమస్కారాలు.

సభామర్యాద ప్రకారం నేను ముందు ఆమె సేవలను కొనియాడి, శాలువా కప్పాలి. ఆ తరువాత కార్యాలయ మర్యాద ప్రకారం ఆమె నడిపిన గదికి తాళం వేయాలి. ఆ గది ఏ పద్దులోనూ లేదు కనుక మూసివేయవలసిందిగా ఉత్తర్వు వచ్చింది. లోపల ఒక రోగి ఉన్నాడన్న సంగతి మాత్రం ఉత్తర్వులో ప్రస్తావనకు రాలేదు.

తెలియనివారికి మనవి: అది వెనక వరండా పక్కన ఒకప్పుడు దుప్పట్లు దాచిన గది. సారా మానాలని వచ్చినవారిని, పత్తికి తెల్లదోమ పట్టిన ఏడాది పురుగుమందు తాగి బతికి బయటపడినవారిని ఆమె అందులో ఉంచుకునేవారు. "కడుపు కడిగి పంపేస్తే అయిపోయిందా డాక్టరు గారూ? మళ్ళీ ఆ చేలోకేగా పోయేది!" అని పోట్లాడి సంపాదించిన గది. సారా వేలంపాటలు ఏటా పెట్టి, ఊరూరికీ లోటు లేకుండా సరుకు అందేలా చూడడానికి ప్రభుత్వానికి ఒక శాఖ ఉంది. అది తాగి వణికే మనిషిని పడుకోబెట్టడానికి ఒక్క మంచమూ మంజూరు కాలేదు. దీన్ని విమర్శగా కాక, శాఖల మధ్య పని విభజనగా గ్రహించ ప్రార్థన. (నవ్వులు)

వణుకు కొలిచే పరికరాలు లేవు కనుక ఆమె ఎండు మిరపకాయలు తెప్పించి, రోగుల చేత తొడిమలు తీయించేవారు. కాయ చిట్లకుండా తొడిమ ఊడితే వణుకు తగ్గినట్టు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల నుంచి వచ్చిన అంకయ్య మొదటి రోజే తిరగబడ్డాడు.

"ఏందమ్మా, వైద్యానికొస్తే కూలిపని చేపిస్తన్నావు?"

"కాయ చిదిమేశావు చూడు. ఇంకోటి తియ్యి."

"కళ్ళు మండుతున్నయ్యి తల్లీ!"

"మీ ఆవిడకి ఎన్నేళ్ళ నుంచి మండుతున్నయ్యో అడిగావా ఎప్పుడన్నా?"

కాయలు పంపిన వ్యాపారి ఇమాం హుస్సేన్ గారు రెండో వరుసలో ఉన్నారు. తొడిమ తీశాక కాయలను వారే తిరిగి తీసుకెళ్ళేవారు; ఈ ధర్మకార్యంలో వారు నష్టపోయినట్లు దాఖలాలు లేవు. (నవ్వులు, ఆయనా నవ్వారు.) తనిఖీకి వచ్చిన ఒక అధికారి, తుమ్ములు ఆగాక, "ఇది ఆసుపత్రా, మిర్చి యార్డా?" అన్నారు. "యార్డే అయితే కాటా దగ్గరికి ఒక మనిషినన్నా ఇచ్చేవాళ్ళు గదండీ" అన్నారీమె.

ఆ వరండా మధ్యాహ్నాలు నన్ను వదలవు. ఎర్రటి కుప్ప చుట్టూ మగవాళ్ళు మూతులకు తువ్వాళ్ళు కట్టుకుని కూర్చునేవారు. ఆమె చర్చి పాట అందుకుంటే, రిక్షా తొక్కే బుడే అనే రోగి మంచం కోడు మీద దరువు వేసేవాడు. నేను ఫైలు ముందేసుకుని, ఒక్క ముక్కా రాయకుండా వింటూ ఉండేవాణ్ణి. అందరూ బాగుపడ్డారని అనను. తిరిగి తాగినవాళ్ళున్నారు, బుడే కూడా. వాళ్ళను ఆమె మాటలతో కడిగేసి, మళ్ళీ ఆ మంచమే చూపేవారు.

అధ్యక్షా, మేము కోరేది దానం కాదు. సారా మీద వచ్చే రాబడిలోంచే ప్రతి ఆసుపత్రిలో ఇలాంటి ఒక గది, కొన్ని మంచాలు, మనసు వైద్యం తెలిసిన ఒక డాక్టరు కావాలి. సంతోషకుమారి గారు గొప్పవారు కనుక ఇన్నాళ్ళూ ఈ గది నడిచింది. గొప్పవారు లేకపోయినా నడిపించేదాన్నే ప్రభుత్వం అంటారని నా అభిప్రాయం.

ఇప్పుడు లోపల ఉన్న రోగి బుడేనే. అతని చేతిలో కాయలింకా చిట్లుతున్నాయి. ఉత్తర్వు సంగతి ఎవరు చెప్పారో గాని, అతని భార్య జానీబీ సామాను సర్దుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. జానీబీ, ఆ మూట విప్పమ్మా. తాళం వేయవలసిన ఉద్యోగిని నేను, వేయడం లేదు. సంజాయిషీ కోరే మెమోను టైపు చేయవలసిందీ నేనే కనుక, అందులో జాప్యం జరగదని హామీ ఇస్తున్నాను. (నవ్వులు)

సంతోషకుమారి గారూ, రేపటి నుంచి వాళ్ళ దగ్గర ఎవరు కూర్చుంటారని పొద్దున మీరడిగారు. నేను కూర్చుంటాను. నాకు పాట రాదు, అదొక్కటే లోటు.

ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞుణ్ణి. సెలవు.