బిస్కెట్ల ఫ్యాక్టరీ మీద గీసిన వృత్తం

అధ్యక్ష స్థానంలో ఉన్న డైరెక్టరు గారికి, ఆస్పత్రి నుంచి వచ్చిన డాక్టరమ్మకు, పెద్దలకు, టీ ఎప్పుడొస్తుందా అని తలుపు వైపే చూస్తున్న మిత్రులకు నమస్కారం.

ఇందాకటి నుంచి రిటైరయ్యేవాణ్ణి పోయినవాణ్ణి పొగిడినట్టు పొగుడుతుంటే రెండుసార్లు నాడి చూసుకున్నాను. (నవ్వులు)

ముప్పై నాలుగేళ్లుగా నేను చేసిన పనల్లా ఖాళీ ఆకాశం మీద గీతలు గీయడం. దీనికి జీతమెందుకిస్తారని మా ఆవిడకు ఇప్పటికీ అనుమానమే. ఆస్పత్రి హెలిప్యాడ్ సంగతే చూడండి. మబ్బు కమ్మితే పైలట్ పరికరాలను నమ్ముకుని రోగితో దిగాలి, ఆ దారిలోకి ఇంకో విమానం దూరకూడదు, అందుకని చుట్టూ ఆరు మైళ్ల వృత్తం గీసి, మబ్బున్నప్పుడు అనుమతి లేనిదే ఇటు రావద్దని ఆజ్ఞ వెయ్యాలి.

మా పద్ధతి ప్రకారం ముందు ప్రతిపాదన అచ్చువేసి అభ్యంతరాలు అడుగుతాం. వచ్చింది ఒక్కటే, రాసింది మా బావమరిది. సెలవు రోజున చిన్న విమానం నడిపే మనిషి, తన ఆకాశం లాక్కున్నానని అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"బావా, నీ అల్మరా తలుపే సరిగ్గా పడదు, ఆకాశానికి తలుపులు పెడతావా?" అన్నాడు.

"ఏదున్నా రాసి పంపు" అన్నాను.

పంపాడు. మూడు పేజీలు. రెండు పేజీల తిట్లు దాటి మూడోది చదివేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. హెలిప్యాడ్ అక్షాంశంలో రెండంకెలు తారుమారుగా వేసి, నేను ఆస్పత్రిని వదిలేసి తొమ్మిది మైళ్ల అవతలి బిస్కెట్ల ఫ్యాక్టరీకి కాపలా పెట్టాను. (నవ్వులు) నవ్వండి, పర్వాలేదు. డాక్టరమ్మ మాత్రం నవ్వడం లేదు. ఆ ఆజ్ఞ అలాగే అమల్లోకి వెళ్లుంటే మబ్బులో ఎవరికెవరు ఎదురయ్యేవారో ఆవిడకు తెలుసు.

గుట్టుగా సరిదిద్దాను. తప్పు నేనే పట్టుకున్నట్టు ఫైల్లో రాసుకున్నాను. వాడికేమో, "పరిశీలించి తిరస్కరించాం" అని ఒక్క ముక్క. ఆరేళ్లుగా వాడు మా గడప తొక్కలేదు. మా ఆవిడ తమ్ముణ్ణి చూడటానికి వెళ్తే నేను వీధి చివర కారులో కూర్చుంటాను.

ఇవాళ మీరిచ్చిన జ్ఞాపిక మీద 'అంకె తప్పని మనిషి' అని చెక్కించారు. (జ్ఞాపిక పక్కన పెట్టి) వాళ్లక్క లాక్కొస్తే వచ్చి, చివరి వరసలో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు మావాడు. ఏమోయ్, ఇటు చూడు. నువ్వు రాసింది నిజం, నేను రాసుకున్నది అబద్ధం. ఆ మాట కాగితం మీద పెట్టి పొద్దున డైరెక్టరు గారి బల్ల మీద ఉంచాను, పాపం ఆయనింకా చదవలేదు. ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. ఆ వృత్తంలోంచి మబ్బులో దిగి బతికినవాళ్లెవరికీ నువ్వు తెలియవురా. నాకు తెలుసు. తెలిసే ఆరేళ్లు నోరు మూసుకున్నాను. క్షమించు.

సెలవు.