ఆ పుస్తకం పోటీకి పెట్టకండి

సాయంత్రం ఐదవుతోంది, పొద్దుటినుంచీ ఒకటే ముసురు. ఈ వానలో పోస్టరు పట్టుకుని మీరే రావాలా అన్నయ్యగారూ? ఫోనుకి పంపితే చూసేదాన్ని కదా. లైబ్రరీకి సెలవు పెట్టి, ఆ కాలితో మూడంతస్తులు ఎక్కి... సరే, కూర్చోండి. తల తుడుచుకోండి ముందు.

బావుంది పోస్టరు. ఆన్‌లైన్లో పెట్టిన పాత పుస్తకాల్లో తప్పులు దిద్దే పోటీ, ఇంట్లో కూర్చునే పాల్గొనండి, అందరూ రండి. బానే ఉంది. మా అమ్మాయి పోయాక మనం పెడుతున్న మొదటి పోటీ, దాని ఫొటో లేకుండా ఎలా అంటారు. కాదనను.

ఇది పోయినేడు బహుమతులిచ్చిన రోజున తీసిన ఫొటోయే కదూ? పక్కనున్న నన్ను కత్తిరించేశారు గానీ, దాని భుజం మీద నా చెయ్యి వదిలేశారు. పర్లేదు, ఉండనివ్వండి.

బహుమతుల సంగతి తేల్చేద్దాం. పుస్తకాలు కొనుక్కునే కూపన్లన్నారు, మంచిదే. సంచులు మాత్రం వద్దు. పోయినేడు సంచుల మీద మన బృందం పేరే తప్పుగా అచ్చయింది, మీకు తల కొట్టేసినట్టయింది. అమ్మాయేమో బహుమతుల రోజుకి ముందే ఆ సంచి భుజాన వేసుకుని ఊరంతా తిరిగింది, మనకింతకన్నా ప్రచారం ఏం కావాలని.

మొదటి బహుమతికి దాని పేరు పెడతారా? పెట్టండి.

కానీ, కింద ఈ వాక్యం ఏమిటి? "ఆమె సగంలో వదిలేసిన పుస్తకాన్ని మనందరం పూర్తి చేద్దాం." ఎవరి ఆలోచన ఇది? మీదేనా? మంచి మనసుతోనే రాసుంటారు. తీసేయండి.

ఎందుకంటే ఏం చెప్పను? పాత పుస్తకం ఫొటో చూసి యంత్రం తప్పులతడకగా దించిన పేజీని ఒకరు దిద్దితే పసుపు రంగులోకి మారుతుంది. ఇంకొకరు మళ్ళీ చదివి సరే అంటేనే ఆకుపచ్చ అవుతుంది. ఎవరు దిద్దింది వాళ్ళే ఆకుపచ్చ చేసుకోకూడదు. ఆ నియమం నాకు నేర్పింది మీరే.

మా ఇంట్లో మొదటి చూపు దానిది, రెండో చూపు నాది. మీరీ పోస్టర్లో చెప్పిన పక్షుల పుస్తకం ఇద్దరం అలాగే మొదలెట్టాం. లోపలి గదిలోంచి కేకేసేది, "అమ్మా, నీ వంతు" అని. పోటీల్లో రెండో చూపుకి పాయింట్లు సగమే ఇస్తారాయె, నేనెప్పుడూ అడుగునే ఉండేదాన్ని. పొయ్యి మీద పాలు పొంగిపోయినా నీకు కనిపించవు గానీ, నేనొక సున్న వదిలేస్తే కనిపెట్టేస్తావని ఏడిపించేది.

సగంలో వదిలేసిందని రాశారు. అది వదల్లేదండీ. దాని వంతు అది దిద్దేసింది. ఆఖరి పేజీ దాకా పసుపే, కావాలంటే చూసుకోండి. మిగిలిపోయింది నా వంతు.

కంప్యూటరు తెరుస్తాను. పేజీ తీస్తాను. దానికి తొందరెక్కువ కదా, వరసలు దాటేసేది. నిద్రొస్తే ఒకే మాట రెండుసార్లు కొట్టేది. అవన్నీ అలాగే ఉన్నాయి. చూస్తే తెలిసిపోతుంది నాకు, ఇక్కడ దానికి ఆకలేసింది, ఇక్కడ స్నేహితురాలు ఫోను చేసింది. వాటిని దిద్దాలంటే చెయ్యి రావడం లేదు. దిద్దేస్తే అక్కడ పుస్తకం ఉంటుంది, మా పిల్ల ఉండదు.

మీరు పోటీకి పెట్టారనుకోండి, పాయింట్ల కోసం అందరూ ఎగబడి ఒక్క పూటలో ఊడ్చేస్తారు. అంతా ఆకుపచ్చ అయిపోతుంది. చప్పట్లు కొట్టుకుంటారు. పాపం, దానికోసమే చేశామనుకుంటారు.

చదివేవాళ్ళకి అందాల్సిన పుస్తకాన్ని నేను అడ్డుపడి ఆపాను. ఆ మాట మీరు పైకి అనకపోయినా నాకు తెలుస్తోంది. నేనే చేస్తాను. ఎప్పుడని మాత్రం అడక్కండి.

కొట్టేశారా? ఈ కాగితం మీద కొట్టేస్తే చాలదు, అసలు ఫైల్లో కూడా తీసేయండి.

ఇంకొక్క మాట. బహుమతులు పోస్టులో పంపించండి. హాలు వద్దు, సభ వద్దు, వ్యాను అసలే వద్దు. ఆన్‌లైన్లో తప్ప ఎరగని మనుషులు ఒకసారి ముఖాలు చూసుకుంటే హుషారు వస్తుందంటారు, నిజమే. పోయినేడూ వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు వ్యాన్లో పాటలు పాడుతూనే ఉన్నాం, ఆ వానలో ఆగి ఉన్న లారీ మీదికి పోయేదాకా.

ఎవరికీ ఏమీ కాదంటారా ఈసారి?

డ్రైవరు ఇల్లు చేరాడు. మొదటి బహుమతి కొట్టినాయనా, ఆయన భార్యా చేరారు. వెనక సీట్లో నిద్రపోయిన వాళ్ళ కవలలిద్దరికీ గీతైనా పడలేదు. కాలు విరిగితే విరిగింది, మీరూ చేరారు. కిటికీ పక్కన అది కూర్చుంది, దాని పక్కన నేను.

నేనూ వచ్చాను.