మంగళవారం మేడమ్‌కు ఒక కొత్త సమయ పట్టిక

పంతొమ్మిది వందల తొంభై మూడవ సంవత్సరం ఆగస్టు నెల రెండవ తేదీ, సోమవారం ఉదయాన, మా ఆసుపత్రి కింది అంతస్తులోని వ్యాయామ చికిత్సా విభాగంలో ఫిజియోథెరపిస్టుగా విధుల్లో చేరిన మా గౌరవనీయ సహోద్యోగిని, ముప్పై రెండేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారిని గురించి రాయడానికి నాకంటే అర్హులు ఈ కార్యాలయంలో పదిమందికి తక్కువ లేరు. అయినా ఈ వీడ్కోలు సంచికలో అడిగి మరీ ఈ పుటలు నేను పుచ్చుకున్నాను. రోగులకు సమయాలు కేటాయించే గుమాస్తాకు ఇంత పట్టుదల ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

తొలి ఎనిమిదేళ్లూ వారి ప్రపంచమంతా ఒక్క గది. ఒక మూల పెచ్చు ఊడిన నిలువుటద్దం, చేతులు రాసుకుని రాసుకుని నున్నబడిన రెండు కడ్డీలు, సాగి వదులైపోయిన రబ్బరు పట్టీలు. ఆ పరిమిత సాధన సంపత్తితోనే ఎందరినో తిరిగి తమ కాళ్ల మీద నిలబెట్టిన ఘనత వారిది. మేడమ్ గొంతు మెట్ల దాకా వినిపించేది. "పడిపోరు, నేనున్నాను కదా, ఇంకో అడుగు!" అన్న ఆ కేక వినగానే, ఏ జబ్బూ లేని మేము కూడా నడక వేగం పెంచేవాళ్లం.

రెండు వేల ఒకటిలో వారిని నరాల విభాగానికి బదిలీ చేశారు. అక్కడే మల్టిపుల్ స్క్లిరోసిస్ బాధితులతో వారికి పరిచయం కలిగింది. ఆ వ్యాధిలో నరాల మీది రక్షణ పొర దెబ్బతిని, మెదడు ఇచ్చే ఆజ్ఞ సరిగ్గా కాలికి చేరదు. కదలకుండా కూర్చుంటే ఉన్న బలం కాస్తా తగ్గుతుంది. శక్తికి మించి కదిలితే రెండు రోజులు మంచం దిగలేరు. ఈ రెంటికీ మధ్య ఉన్న సన్నని దారిలో, ఒక్కొక్కరినీ వారి వారి తీరునబట్టి నడిపించాలి. వచ్చిన వాళ్లలో సగంమంది మూడో నెలకల్లా రావడం మానేసేవారు. బద్ధకమని మేమందరం తేల్చేశాం. మేడమ్ మాత్రం ఒకరోజు సెలవు పెట్టి, ఒక రోగితో పాటు ఆయన ఇంటి నుంచి రెండు బస్సులు మారి ఆసుపత్రికి వచ్చారు. వచ్చాక నా బల్ల దగ్గర కుర్చీలో కూలబడి అన్నారు: "ఇక్కడికొచ్చేసరికే ఆ మనిషి ఓపికంతా అయిపోయిందయ్యా. ఇంక మనం చేయించేదేముంది?"

ఆ ప్రశ్నలోంచి పుట్టినదే రెండు వేల తొమ్మిదిలో మొదలైన మా టెలిఫోన్ వ్యాయామ శిక్షణ. మెట్ల కింద ఉన్న సామాన్ల గది ఖాళీ చేయించి, ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ఫోను వేయించుకున్నారు. "ఫోన్లో వ్యాయామం ఏంటమ్మా, నవ్వుతారు," అని అప్పటి విభాగాధిపతి పెదవి విరిచారు. "కాళ్లు వాళ్లింట్లోనే ఉన్నాయి కదా సార్. గొంతు నేను పంపిస్తాను," అన్నారు మేడమ్. ఆయన నవ్వి సంతకం పెట్టారు. మంగళవారం మంగళవారం ఫోన్లు చేసేవారు గనుక, రోగుల ఇళ్లలో వారికి మంగళవారం మేడమ్ అన్న పేరు స్థిరపడిపోయింది.

వారి పద్ధతి విలక్షణమైనది. "వ్యాయామం చేశారా?" అని ఎన్నడూ అడిగేవారు కాదు. అలా అడిగితే ఎవరైనా చేశాననే అంటారట. "ఈ వారం ఏ రోజు కుదర్లేదు?" అని అడిగేవారు. ఆ మాటతో అవతలివాళ్ల గుండెలో బరువు దిగేది, నిజం బయటికి వచ్చేది. వారి రెండో నియమం, ఫోన్ పెట్టగానే నడకకు బయలుదేరాలి. కాసేపాగి వెళదామంటే ఆ కాసేపు రాదని వారి దృఢ విశ్వాసం. ఇంతగా లోకాన్ని నడిపించిన మేడమ్ స్వయంగా నడిచేది మాత్రం కుర్చీ నుంచి బీరువా దాకానే! ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే వారి శ్రీవారు మా అందరి ముందే అన్నారు: "ఊరందర్నీ లేపుతుంది గానీ, ఇంట్లో టీవీ రిమోట్ కోసం నన్నే లేపుతుంది."

ఇక నేను ఈ పుటలు అడిగి తీసుకున్న కారణానికి వస్తాను.

రెండు వేల పద్నాలుగు వేసవిలో ఒక దర్జీ మా శిక్షణలో చేరారు. నలభై రెండేళ్ల ఆవిడ. వారి కోరిక పెద్దదేం కాదు, బట్ట కత్తిరించే బల్ల దగ్గర ఇరవై నిమిషాలు నిలబడగలగాలి. నిలబడలేకపోతే దుకాణం మూసుకోవాల్సిందే. నాలుగు నిమిషాల నడకతో మొదలుపెట్టి తొమ్మిది నిమిషాల దాకా వచ్చారు. అంతలో ఫోను లైను మరో విభాగంతో పంచుకోవలసి వచ్చింది. భోజనాల తరువాత లైను ఖాళీగా ఉంటుందని, నేను కొత్త పట్టికలో ఆ దర్జీ పేరు మధ్యాహ్నం రెండు గంటలకు వేశాను. ఒంట్లో వేడి పెరిగితే ఈ వ్యాధిగ్రస్తులకు చూపు మసకబారుతుందని, కాళ్లు కాసేపు మాట వినవని నాకు తెలియనిది కాదు. ఆలోచించలేదు, అంతే. ఆ దర్జీ చెప్పిన మాట తు.చ. తప్పక పాటించే మనిషి. మేడమ్ నియమం ప్రకారం ఫోన్ పెట్టగానే నడి ఎండలో సందులోకి బయలుదేరారు. కళ్లు మసకలు కమ్మి పడిపోయారు. కుడి మణికట్టు విరిగింది. కత్తెర పట్టే చెయ్యి అది.

విచారణలో మేడమ్ ఒకే వాక్యం రాసిచ్చారు: "సమయం విషయంలో పొరపాటు నాది." నేను పక్కనే ఉన్నాను. నోరు మెదపలేదు. వారికి మెమో ఇచ్చారు. రావలసిన పదోన్నతి రెండేళ్లు వెనక్కి పోయింది. వారం రోజులకు ధైర్యం కూడదీసుకుని, "మేడమ్, ఆ టైం వేసింది నేను కదా," అన్నాను. వారు తలెత్తలేదు. "నువ్వు లైను చూశావు. ఎండ చూడాల్సింది నేను. వెళ్లి పట్టిక మార్చు. అందరికీ పొద్దున్నే వెయ్యి," అన్నారు. ఆ రోజు నుంచి మంగళవారాలు ఆరున్నరకే ఆ మెట్ల కింది గది తలుపు తెరుచుకుంటోంది. పదకొండేళ్లుగా ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు. ఇవాళ అందరికీ తెలియాలి. ఆ పొరపాటు నాది.

ఆ తరువాత దర్జీ ఫోను దగ్గరికి రాలేదు. వారి అత్తగారు ఎత్తి, "మా కోడలు మాట్లాడదంటమ్మా. మీరు చేసిన ఉపకారం చాలు," అన్నారు.

"తప్పు నాదేనమ్మా. ఎండలో పంపించాను. కోపం ఉండాలి కూడా," అన్నారు మేడమ్. "చెయ్యి ఎలా ఉంది?"

మరుసటి మంగళవారం మళ్లీ చేశారు. ఆ మరుసటి వారమూ చేశారు. నాలుగో వారానికి అత్తగారు తన నడుం నొప్పి సంగతి ఎత్తారు. ఇంకేం, మేడమ్ ఆవిడకే కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం మొదలుపెట్టించారు. తొమ్మిదో వారం ఫోనులో దర్జీ గొంతు వినిపించింది.

"మేడమ్, మా అత్తయ్య అంతా తప్పుగా చేస్తోంది. చూడలేక చస్తున్నాను."

"ఎలా చెయ్యాలో మీరు చేసి చూపించండి మరి. ముందు ఫ్యాను వేసుకోండి."

ఫోను పెట్టాక మేడమ్ కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. నేనూ తల తిప్పుకున్నాను. ఆ వ్యాధి నయమయ్యేది కాదు. ఆ దర్జీకి కర్ర లేనిదే గడవని రోజులు ఇప్పటికీ ఉన్నాయి. కానీ దుకాణం మూతపడలేదు. ఈ సంవత్సరం లెక్క, కత్తిరించే బల్ల దగ్గర పాతిక నిమిషాలు.

మొన్న మంగళవారం ఆ దర్జీ తనంతట తానే కార్యాలయానికి ఫోన్ చేశారు. ఎవరు రమ్మన్నా ఫోను దగ్గరికి రానని భీష్మించుకున్న మనిషే, ఇప్పుడు మేడమ్ ఇంటి నంబరు అడుగుతున్నారు. ఎందుకండీ అన్నాను.

"రిటైరయ్యాక ఆవిడ నడుస్తారా ఏమన్నా? మాకు చెప్పడమే గానీ! ఆవిడ దగ్గర ఫోన్లో నేర్చుకున్న మేం ఆరుగురం మాట్లాడుకున్నాం. వారానికొకరం ఫోన్ చేసి అడుగుతాం. మొదటి వంతు నాది. ఎవరెప్పుడు చెయ్యాలో మీరే రాసిపెట్టండి, మీకది అలవాటే కదా."

రాసిపెట్టాను.

మేడమ్, మీరు శ్రీవారితో, కుమార్తెతో నిండు నూరేళ్లు ఆయురారోగ్యాలతో, మనశ్శాంతితో వర్ధిల్లాలని మా విభాగం యావత్తూ హృదయపూర్వకంగా ఆకాంక్షిస్తోంది. ఆరోగ్యాన్ని మాత్రం ఉత్త ఆకాంక్షకు వదిలేయడం లేదు. పదవీ విరమణ తరువాత వచ్చే తొలి మంగళవారం మీ ఇంట్లో ఫోను మోగుతుంది. ఈ వారం ఏ రోజు కుదరలేదో అడుగుతారు. నిజం చెప్పండి. ఫోన్ పెట్టగానే బయలుదేరండి. సమయం ఉదయం ఆరున్నర. ఈసారి ఎండ చూసే వేశాను.