పదో పేరు

పదో స్థానమైతే ఏం, వర్నన్? మన మిల్‌బ్రుక్ క్రేన్స్ బేస్‌బాల్ జట్టుకి ఎనభై ఏళ్ళలో ఎంతమంది ఆడలేదు? హిట్ల సగటు చూసి, ఏరి ఏరి పదిమంది పేర్లు లైబ్రరీ గోడ మీద రాయిస్తుంటే, నీదీ ఉందని సంతోషించక పొద్దున్నుంచీ మూతి ముడుచుకు కూర్చున్నావు. పాన్‌కేకులు చల్లారిపోతున్నాయి, తిను.

ఏంటా కవరు? లైబ్రరీకి ఉత్తరమా? ఏదీ, ఇలా తే.

ఓహో. పాత స్కోరు పుస్తకాలన్నీ బయటికి తీసి మళ్ళీ లెక్క కట్టాలా? నువ్వు తొమ్మిదో వాడివని తేలుతుందా? వద్దు. వద్దంటే వద్దు. ఎందుకేంటి, ఈ వయసులో కాస్త పరువుగా...

సరే, అలా చూడకు. చెప్తాను. ముందు ఆ కాఫీ కింద పెట్టు.

ఆ పుస్తకాలు రాసిందెవరు? నేనే కదా, నువ్వాడిన ఆరేళ్ళూ. డెబ్బై రెండు ఆగస్టులో నీ ఆఖరి మ్యాచ్ గుర్తుందా? చివరిసారి బ్యాటు పట్టి నువ్వు కొట్టిన బంతి మెల్లగా దొర్లుకుంటూ ఫీల్డరు చేతుల్లోకే వెళ్ళింది. మా అమ్మమ్మయినా పట్టేది. ఆ మహానుభావుడు జారవిడిచాడు, నువ్వు బేస్ చేరావు. ఎదుటివాడి పొరపాటుతో బతికిపోతే అది హిట్టు కింద రాయకూడదు. నాకు తెలీదా? పొరపాటనే రాశాను కూడా.

మరి నువ్వెందుకు తలెత్తి నావైపు చూశావు? కుర్రాళ్ళ దగ్గర నువ్వు వాగింది నేను వినలేదనుకున్నావా? "పదింటికి మూడు హిట్ల సగటుతో ఆట మానేస్తే ఆర్లీన్‌ని పెళ్ళికి అడుగుతా. లేకపోతే ఏ మొహం పెట్టుకుని అడగను?" అన్నావు. ఆ ఒక్క హిట్టూ లేకపోతే సగటు తప్పేది. నువ్వసలే మొండి మనిషివి, నన్ను అడిగేవాడివే కాదు.

చెరిపేశాను. కాగితం చిరిగేదాకా రుద్ది, హిట్టని రాశాను. ఆ పేజీ ఎవరు తిప్పినా చిరుగు కనిపిస్తుంది.

అవును, న్యాయంగా పదో పేరు నీతో ఆడిన డ్యుయేన్‌ది. పదకొండో వాడిగా మిగిలిపోయి కూడా, శనివారం లైబ్రరీలో ఆ పేర్లు చదివేటప్పుడు నీకు చప్పట్లు కొట్టడానికి కొత్త చొక్కా కొనుక్కున్నాడు పాపం. అది తలుచుకుంటేనే నాకు సిగ్గేస్తోంది.

ఉత్తరం పంపుతావో చింపుతావో నీ ఇష్టం. డ్యుయేన్ పేరే రాయించాలంటే నేనే వెళ్ళి ఉన్నదంతా చెప్పేస్తాను. కానీ తప్పు చేశానని మాత్రం ఏడవమనకు. ఇవాళ మళ్ళీ అలాంటి బంతే కొట్టు, నేను హిట్టనే రాస్తాను.