అమ్మ పొగ, బండి పొగ

1998 జూన్. మాదాపూర్ దగ్గర కట్టడం పూర్తికావస్తున్న అద్దాల మేడ గేటు ముందు ఒక లారీ. లారీ మీద పసుపు పూసిన పెద్ద బండరాయి, దాన్ని ఆనుకుని నర్సమ్మ, ఆమె చుట్టూ డప్పులవాళ్లు. స్టీరింగు ముందు లారీ ఓనరు రాజయ్య. కింద, పొగ కొలిచే మిషనుతో తనిఖీ అధికారి విశ్వేశ్వరరావు.

"ముందా డప్పులు ఆపమనండి!"

"ఏం సార్?"

"డప్పులండీ, డప్పులు!"

"అవును సార్, డప్పులే. మా ఊరోళ్లవే."

"ఆపమంటున్నానయ్యా!"

"ఆపొద్దు సార్. అమ్మను లేపినంక మళ్ల కూసోబెట్టేదాంక డప్పు ఆగొద్దు. కావాల్నంటే మా పెద్దమ్మను అడుగున్రి. కొట్టున్రిరా, సార్ ఇంటున్నడు!"

"ఎవరండీ మీ పెద్దమ్మ?"

"నేనే బిడ్డా. పైకి సూడు. నర్సమ్మ అంటరు నన్ను. అమ్మకు దీపం పెట్టేదాన్ని. నువ్వు ఎవ్వరి కొడుకువు?"

"నేనెవరి కొడుకునైతే ఏంటమ్మా! పొగ చెక్ చేసే ఆఫీసర్ని. విశ్వేశ్వరరావు నా పేరు."

"దేవుని పేరు పెట్టిన్రు. మరి దేవుని పనికి అడ్డమొస్తివి."

"నేను దేవుడికి అడ్డం రాలేదమ్మా, లారీకి అడ్డం వచ్చాను. ఏమయ్యా, నీ పేరేంటి?"

"రాజయ్య సార్. బండి నాదే. ఇదొక్కటే ఉన్నది సార్ నాకు."

"చూడు రాజయ్యా, ఆ గుట్ట దిగుతుంటే దూరం నుంచి చూశాను. బొగ్గు రైలు రోడ్డెక్కిందేమో అనుకున్నాను. నల్లటి పొగ! అయితే ఒకటి మెచ్చుకోవాలి, నేను చెయ్యెత్తీ ఎత్తకముందే టక్కున ఆపేశావు."

"అంటే... ఆగింది సార్."

"కానీ ఈ రోడ్డు మీద నల్లపొగ బండి తిరగకూడదని కొత్త రూలు. ఈ మేడకి పెద్ద పెద్దవాళ్లు రాబోతున్నారు. చీటీ ఉందా?"

"ఏం చీటీ సార్?"

"పొగ చీటీ. బండి పొగ సరిగ్గా ఉందని."

"పొగ సరిగ్గనే ఉన్నది సార్, చీటీనే లేదు."

"బానెట్ ఎత్తు... ఇదేంటయ్యా? ఈ డీజిలు పంపు ఈ లారీది కాదే!"

"బోర్లేసే బండిది సార్. పెద్దది. డీజిలు జోరుగ కొడ్తది."

"ఈ టర్బో?"

"అది కంకర మిషను జనరేటరుది."

"రేడియేటరు?"

"బస్సుది సార్. కాలిపోయిన బస్సుది. గానీ రేడియేటరు కాలలే."

"అసలీ లారీలో ఈ లారీది ఏముందయ్యా?"

"నంబరు ప్లేటు సార్. అది గూడ మళ్ల రంగేయించిన."

"ఎందుకు ఇదంతా? పందెం ఏమైనా కాశావా?"

"పందెం ఎందుకు సార్. గుట్టను పేలుస్తమన్నరు, అమ్మను తీసుకపోన్రి అన్నరు. ఊర్లె ఉన్న లారీలన్ని వచ్చినయి, ఒక్కటి గూడ కదిలియ్యలే. ముందల చక్రాలు గాల్లకు లేస్తున్నయి గని అమ్మ జరుగుత లేదు. మామూలు ఇంజనుతోని గాదని బోరబండల మా మేస్త్రి కాడికి పోయిన. ఆయన ఏం దొరికితే అది బిగించిండు. అప్పుడు లేసింది."

"రాయి లేచిందా?"

"రాయనకు బిడ్డా. అమ్మ."

"క్షమించండమ్మా. అమ్మ. అదిగో, మళ్లీ పొగ! ఎక్కణ్నుంచి వస్తోందిది?"

"అది నాది బిడ్డా. మైసాచి."

"సాంబ్రాణా?"

"సాంబ్రాణి మీ దిక్కు ఏస్తరు. మేం మైసాచి ఏస్తం. బకీట్ల నిప్పులేసి, రాతి చుట్టు పెట్టినం. అమ్మకు పొగ లేకుంటే నడవది."

"దగ్గొస్తోందమ్మా, కళ్లు మండుతున్నాయి. అయ్యా రాజయ్యా, ఇందులో బండి పొగ ఏది, అమ్మ పొగ ఏది? నేనెలా కొలవను?"

"తెల్లది అమ్మది సార్."

"మరి నల్లది?"

"ఇప్పుడు నల్లది యాడున్నది సార్? చూడున్రి."

"ఇందాక ఉంది! నా కళ్లతో చూశాను! బకెట్లు ఆర్పేయండి, అప్పుడు తేలుతుంది."

"ఆర్పుత. రాసియ్యి."

"ఏం రాసివ్వాలమ్మా?"

"అమ్మకు పొగ నేనే ఆర్పిచ్చిన, ఏమన్న అయితే నాదే పూచీ అని నీ ఆఫీసు కాయితం మీద రాసియ్యి. విశ్వేశ్వరరావు అని సంతకం పెట్టు."

"... వద్దులెండి. ఉండనివ్వండి బకెట్లు. ఇదంతా ఎందుకు, లారీ సీజ్ చేస్తాను. ఇక్కడే పక్కకి పెట్టి మీరంతా ఆటో ఎక్కి వెళ్లండి."

"సార్, సార్! జర దయ చూడున్రి సార్! బండి పోతె నేను పోయినట్టే! కిస్తీలున్నయి, పిల్లలున్నరు..."

"నువ్వాగు రాజయ్యా. పరేషాన్ గాకు. సీజు చేస్తడంట, చెయ్యనియ్యి. బిడ్డా, నిజంగ ఈడనే ఆపుతవా?"

"ఆపుతాను."

"మంచిగ యాది పెట్టుకో. లేపిన అమ్మ నడుమ యాడ ఆగుతదో ఆడనే ఉంటది. మళ్ల లేవది. ఆడనే గద్దె, ఆడనే గుడి. ఎవ్వలు కదిలిచ్చినా కదలది."

"ఇక్కడా? గేటు ముందా? రోడ్డు మీదా?"

"రోడ్డు అమ్మకేం తెలుసు?"

"అమ్మా, అమ్మా, ఒక్క నిమిషం. ఇది ఏ చోటో మీకు తెలుసా? లోపల వేలమంది కంప్యూటర్ల ముందు కూర్చోబోతున్నారు. రోజంతా కార్లు."

"నాకెందుకు తెల్వది? ఇది మా జొన్నచేను. నువ్వు నిలబడ్డ కాడ మా మంచె ఉండె. పిట్టలను కొట్టుకుంట ఆడనే పెరిగిన. ఆ సెక్యూరిటోని డబ్బా కాడ బాయి ఉండె, పూడ్చిన్రు."

"అవన్నీ పాతవమ్మా. ఇప్పుడు ఇక్కడ గుడంటే, అదీ నేను బండి ఆపడం వల్లంటే... నన్నడుగుతారు. 'విశ్వేశ్వరరావుగారూ, పొగ చూసి రమ్మంటే గుడి కట్టించి వచ్చారా' అంటారు. నా ఉద్యోగమేం కావాలి?"

"పూజారిగ పెట్టుకుంటం గని, ఫికర్ చెయ్యకు."

"ఎగతాళి కాదమ్మా! అయినా బండి ఇప్పుడు ఆగే ఉంది కదా? అంటే అయిపోయినట్టేనా? నా వల్లేనా?"

"బండి నిలబడ్డా, ఇంజను నడుస్తుంటే అమ్మ నడుస్తున్నట్టే లెక్క. దమ్ము తీసుకుంటున్నదనుకో. ఇంజను బందైతేనే అమ్మ ఆగినట్టు."

"ఆహా! సరే! రాజయ్యా, ఇంజను ఆపకు! చచ్చినా ఆపకు! విన్నావా?"

"... విన్న సార్. ఆప సార్."

"నడుస్తోంది కదా?"

"మీకు ఇనొస్తలేదా సార్? కొట్టున్రిరా, గట్టిగ కొట్టున్రి!"

"ఈ డప్పుల్లో ఏం వినపడుతుంది! బండి ఊగుతోందిగా, నడుస్తున్నట్టే. ఊగుతోంది కదా?"

"మస్తు ఊగుతున్నది సార్. పైన పోరగాండ్లు గూడ జర ఎగురుతున్నరు."

"సరే. సీజ్ లేదు, ఏం లేదు. గబగబా కొలిచేసి పంపించేస్తాను. మరీ ఎక్కువొస్తే మాత్రం ఏం చెయ్యాలో ఆ దేవుడికే తెలియాలి. గొట్టంలో మిషను పుల్ల పెడుతున్నాను... అరె, చల్లగా ఉందేంటయ్యా సైలెన్సరు?"

"తడి గోనెసంచి చుట్టినం సార్. అమ్మకు వేడి తగలొద్దని."

"మంచి పని. ఇప్పుడు నేను చెప్పగానే యాక్సిలరేటరు పూర్తిగా తొక్కు. తొక్కు!"

"తొక్కిన సార్! దరువు మార్చున్రిరా!"

"అబ్బో! ఏం మోతయ్యా ఇంజనుది! గుండెల్లో కొడుతోంది. వదులు... మళ్లీ తొక్కు!"

"తొక్కుతున్న సార్! ఇంకా గట్టిగ కొట్టున్రి, చేతులు పడిపోయినయా!"

"వదులు. చాలు... ఇదేంటి?"

"ఏమొచ్చింది సార్? ఎక్కువొచ్చిందా? చెప్పున్రి సార్, గుండె ఆగుతున్నది నాకు."

"సున్నా."

"అంటే పాసా ఫెయిలా సార్?"

"సున్నా అయ్యా, సున్నా! కొత్త కారుకి కూడా రాదు. మిషను పాడైందేమో. ఉండు, మా వ్యానుకి పెట్టి చూస్తాను... అమ్మ బాబోయ్."

"ఏమైంది బిడ్డా?"

"ఏం లేదమ్మా. మిషను బానే ఉంది."

"నీ బండికెంత వచ్చింది?"

"దాని సంగతి ఇప్పుడెందుకమ్మా."

"నీ బండికి చీటీ ఉన్నదా మరి?"

"నేను చీటీలిచ్చేవాణ్నమ్మా! నాకెవరిస్తారు? రాజయ్యా, నిజం చెప్పు. బోరు బండి పంపు, జనరేటరు టర్బో, కాలిన బస్సు రేడియేటరు. వీటితో సున్నా ఎలా తెప్పించాడు మీ మేస్త్రి?"

"ఆయనకు గూడ తెల్వది సార్."

"మా ఆఫీసుకి ఓసారి పంపించు. చదువుకున్నవాళ్లు జర్మనీ నుంచి పరికరాలు తెప్పిస్తున్నారు, ఇదేమో బోరబండలో దొరుకుతోంది. ఇదిగో చీటీ. సంతకం చేశాను, సీలు వేశాను. అద్దానికి అంటించుకో."

"సార్... నిజంగనేనా సార్? ఇగ బండిని ఎవ్వలు ఆపరా?"

"ఎవరూ ఆపరు. నేనే వెనక్కి తీసుకోలేను, ఒకసారి ఇచ్చాక అంతే. ఇక బయల్దేరండి. ఎక్కడికన్నావు?"

"లింగంపల్లి అవతల సార్. అమ్మకు ఆడ జాగ చూపిన్రు."

"శుభం. వెళ్లండి."

"పోతం సార్."

"వెళ్లండి మరి."

"పోతం సార్. మీరు ముందుగాల పోన్రి. మీకు పనులుంటయి."

"నాకేం పనుల్లేవు. మీరు ఈ గేటు దాటేదాకా కదలను. రాజయ్యా, గేరు వెయ్యి. వెళ్లేముందు ఆ డప్పులు ఒక్క క్షణం ఆపమను, అమ్మకి దణ్ణం పెట్టుకుంటాను."

"డప్పు ఆపొద్దు సార్! డప్పుల్లనే మొక్కుకోన్రి!"

"ఆపున్రిరా పోరగాండ్లు. సారు మొక్కుతడంట."

"పెద్దమ్మా! వద్దు పెద్దమ్మా!"

"ఆపున్రన్న గద."

"హమ్మయ్య. తల్లీ, చల్లగా చూడు. నన్నూ, నా ఉద్యోగాన్నీ... అదేంటి?"

"ఏంది సార్?"

"పిచ్చుకలు."

"ఉంటయి సార్ పిట్టలు. జొన్నచేను గద, అలవాటు పడ్డయి."

"పిచ్చుకలు వినపడుతున్నాయేంటయ్యా? ఇంజను పక్కన నిలబడితే పిచ్చుకలెలా వినపడతాయి?"

"కొట్టున్రిరా, ఆగిన్రేంది!"

"రాజయ్యా. ఇంజను ఎప్పుడాగింది?"

"మీరు చెయ్యెత్తక ముందే సార్."

"మరి తొక్కమంటే తొక్కావుగా!"

"తొక్కిన సార్. నేను తొక్కిన, వాళ్లు కొట్టిన్రు. బండి గుంజుకపోతరని భయమైంది. నడిచే ఇంజనుకు మీరు చీటీ ఇస్తరా సార్? చెప్పున్రి."

"అయితే అమ్మ... ఇంతసేపూ... ఇక్కడే..."

"నా తప్పేం లేదు సార్, అమ్మ మీద ఒట్టు! డీజిలు అయిపోయింది. ముల్లు పనిచెయ్యది, ఎంతున్నదో నాకేం తెలుసు? ఊరి చందాతోని పెద్దమ్మనే డబ్బాల తెచ్చి పోసింది. పెద్దమ్మా, సరిపోతదంటివి గద! లింగంపల్లి దాంక సరిపోతదంటివి గద!"

"సరిపోతదన్న కొడుకా. లింగంపల్లి దాంక అని ఎప్పుడన్న? జొన్నచేను దాంక సూసే పోసిన."